చర్చి గడప ఎవరు దాటారు

శనివారం సాయంత్రం నాలుగు గంటలు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, శనక్కాయలు పెరికే కాలం. అప్పటికి నాకు గడియారం చూడడం రాదు, అక్షరాలూ రావు. పూతలపట్టు మీదుగా తిరుపతికి పోయే నాలుగు గంటల బస్సు హారన్ అప్పుడే వినబడింది కాబట్టి చెబుతున్నాను.

మాది పాలెం, అంటే ఊరికి ఎడంగా అంటరానివాళ్లం మేం ఉండే చోటు. అందులో మా చర్చి ఒక పెంకుటిల్లు, నాలుగు చాపలు, ఒక గంట. పాస్టరయ్య పలమనేరు పోయి ఉన్నాడు. మర్నాటి ఆరాధనకని నేనూ పాస్టరమ్మా లోపల కసువు చిమ్ముతున్నాం. అంతలో ఊళ్లోని రైతుల ఇంటి ముసలామె ఒకతె పరుగున వచ్చి లోపల పడింది. మొగుడు లేడు, పిల్లలు లేరు. మా వీధిలో ఎన్నడూ కాలు పెట్టని మనిషి.

"వస్తాండారు. నా పళ్లు పీకుతారంట," అంది.

సంగతి నాకు తెలుసు. ఊరి పెద్దాయన మనవడికి జ్వరం, ఫిట్సు. ఈమె ఆ బిడ్డకు వేయించిన శనక్కాయలు పెట్టింది. చేతబడి అని మంత్రగాడు తేల్చాడు. పళ్లు ఊడబెరికితే మంత్రం నోట పలకదని మా వైపు నమ్మకం. నాకూ ఆమె అంటే భయమే, అబద్ధం ఎందుకు.

చర్చి తలుపుకు గొళ్లెం లేదు. అయినా వచ్చినవాళ్లు గడప దగ్గరే ఆగారు. ముందర పెద్దాయన, పక్కన కొడుకు, వెనక దాయాదులు, మంత్రగాడు. కొడుకు చేతిలో ఎద్దుల లాడాలు పీకే పటకారు.

"దాన్ని బయటికి పంపు," అన్నాడు పెద్దాయన.

పాస్టరమ్మ పొరక కింద పెట్టింది. "మీరే లోపలికి రాండప్పా, చాప పరుస్తాను."

ఒక్కడూ కదల్లేదు. మా చర్చిలో అడుగుపెడితే మైలపడతారు. ముసలామెకు అది తెలుసు. అందుకే గుడికి పోకుండా మా దగ్గరికి పరుగెత్తింది.

కొడుకు నవ్వాడు. "మనం పోయేదెందుకు నాయనా? మన జీతగాడుండాడు కదా. పోరా, జుట్టు పట్టి ఈడ్చుకురా."

జీతగాడంటే నా మొగుడు. చిన్నప్పటి నుంచి వాళ్లింట్లోనే పని. వాళ్ల మాట కాదంటే మా పొయ్యి వెలగదు. ఆయన తలగుడ్డ తీసి గడప దాటాడు. ముసలామె పాస్టరమ్మ కొంగు పట్టుకుంది. ఆయన ఆమె వైపు చూడను కూడా లేదు. వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నాడు.

"ఏరా, చెవుడొచ్చిందా?" అని అరిచాడు కొడుకు.

"మోకాళ్లు నొప్పి సామీ. లెయ్యలేను."

రాయి పడింది. పెంకు పగిలి మా ముందర రాలింది. రెండో రాయి ఎత్తినవాణ్ని తోసుకుని పెద్దాయన కోడలు వచ్చింది, భుజాన బిడ్డ.

"అమ్మా, మీ మిషన్ ఆస్పత్రిలో వీన్ని సూస్తారా?"

"సూస్తారు. ఐదు గంటల బస్సుండాది, నేనూ వస్తా," అంది పాస్టరమ్మ.

"లోపలికి పోయినావంటే మళ్లా నా ఇంటికి రావద్దు," అన్నాడు మామ.

ఆమె గడప దాటింది. దాటి ముసలామె పక్కనే నిలబడింది. అప్పుడే బిడ్డకు మళ్లీ ఫిట్సు వచ్చి ఒళ్లు కొయ్యబారింది. తండ్రి పటకారు పారేసి లోపలికి దూకి, బిడ్డనెత్తుకుని బస్సు రోడ్డుకు పరుగెత్తాడు. వెనకే తల్లి, పాస్టరమ్మ. మిగిలినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా పోయారు.

బిడ్డ బతికాడు. కోడల్ని ఇంట్లోకి రానిచ్చారు. ముసలామెను మాత్రం ఊరు రానివ్వలేదు, మా చర్చిలో దూరిందని. చర్చి వెనక వంటపాకలోనే బతికింది. పళ్లన్నీ నోట్లో ఉండగానే పోయింది. నా మొగుడికి వాళ్లింట్లో పని పోయింది. నేను పాస్టరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను.

ఇప్పుడు ఎవరినడిగినా "నేను ఆడ లేనే" అంటారు. ఉన్నారు. పెద్దాయన, ఆయన కొడుకు, కోడలు, మనవడు, రాళ్లు తెచ్చిన దాయాదులు ఇద్దరు, మంత్రగాడు. లోపల పాస్టరమ్మ, ముసలామె, నా మొగుడు, నేను.