పెదనాన్న ఊపిరి, పక్కింటి మాత్ర

మీ జ్వరాన్ని తగ్గించింది ఆ మాత్రేనని మీకెలా తెలుసు?

కరోనా వచ్చిన మొదటి ఏడాది నేనూ ఆ ప్రశ్న అడగలేదు. సైన్సు మీటింగుల్లో కషాయాలు తాగేవాళ్లతో వాదించి ఇంటికొచ్చి, మలేరియా మాత్రలు దాచుకున్నాను. తర్వాత అవి కరోనాకు పనిచేయవని తేలింది.

మరుసటి వేసవిలో పెదనాన్నకు సోకింది. కోలారు బంగారు గనుల్లో పనిచేసిన మనిషి. కిటికీ పక్కన పడుకునేవాడు. మధ్యాహ్నం గాలికి సైనైడ్ దిబ్బల, అంటే బంగారం తీశాక పోసిన గని మట్టి గుట్టల, తెల్లటి దుమ్ము లేచి, వీధి పాలలో మునిగినట్టుండేది. "కేజి దిగతా ఉండాది, పట్టుకోరా," అనేవాడు జ్వరంలో. కేజంటే మనుషుల్ని గనిలోకి దింపే ఇనుప లిఫ్టు. మూతపడిన గనిలోకి మంచంతో సహా మేమిద్దరం మెల్లగా దిగిపోతున్నట్టు నాకూ అనిపించేది.

గనిలో బీడీ, నీళ్లు పంచుకున్నవాళ్లు మా గని కార్మికుల ఇళ్ల లైనులో మాత్రలూ పంచుకుంటారు. పక్కింటి ముసలాయన, పెదనాన్నతో గనిలో దిగినవాడే, మిగిలిన స్టెరాయిడ్ మాత్రలు తెచ్చాడు.

"ఆస్పత్రిలో నాకు ఇవే ఇచ్చినారు. లేచి కూర్చున్నా."

"మామా, అప్పుడు నీకు ఆక్సిజన్ పెట్టిండారు. ఈయనకు ఇంగా అవసరం రాలేదు గదా?"

"ఊపిరి అందరికీ ఒకటే గదప్పా! నీ మీటింగు యాడన్నా పెట్టుకో పో."

పెద్దమ్మ ఏడ్చింది. "వాదనలో గెలిస్తే మనిషి లేస్తాడా?"

ఆ మాట గుచ్చుకుంది. సర్కారు డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో, ఆ మందు వేసుకున్నవాళ్లను వేసుకోనివాళ్లతో పోల్చి చూశారట; వేసుకున్నవాళ్లలో చావులు తగ్గాయి. అవసరం లేనివాళ్లకు మేలు కనబడలేదు, కీడు జరగొచ్చు. "వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టి చూస్తా ఉండండి. తొంభై నాలుగుకు దిగితే వెంటనే తీసుకురండి," అంది.

మాత్రలు వెనక్కిచ్చేశాను. ముసలాయన మొహం తిప్పుకున్నాడు. మూడు రోజులు ఆ చిన్న ఎర్రటి అంకెనే చూస్తూ కూర్చున్నాం. నాలుగో రోజు పొద్దున అది తొంభై రెండు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, ఆ మాత్రే ఇచ్చారు. సీసాలో నీటి బుడగల చప్పుడు వింటూ పెదనాన్న నిద్రపోయాడు.

ఆయన బతికాడు. అది రుజువు కాదు. ఒక్క మనిషి బతకడం ఏ మందుకూ రుజువు కాదు. ఆ పోలిక చేసినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్ల మాట విన్నాం, అంతే.

కాబట్టి ఇంకొకరికి రాసిన మాత్రను మీ ఇంటి మనిషి నోట్లో పెట్టకండి. డాక్టరును నిలదీసి అడగండి: వేసుకున్నవాళ్లను వేసుకోనివాళ్లతో పోల్చి చూశారా? మేలు ఎలాంటి రోగుల్లో కనబడింది? మా మనిషి వాళ్లలాంటివాడేనా? జవాబు రాబట్టండి.