బావ ఫిరంగులూ నా పొయ్యీ

అక్కను పురిటికి మా ఇంట్లో దింపి, మర్నాడే కామ్‌రేజ్‌లో తన ఇంటికి వెళ్లిపోదామని వచ్చాడు బావ. ఈలోపు లాక్‌డౌన్ పడింది. గోడాదరాలో మా రెండు గదుల ఇంట్లో అల్లుడుగారు ఇరుక్కుపోయారు. మరమగ్గాలు ఆగిపోయి నాన్న ఇంట్లోనే, కాలేజీ మూసేసి నేనూ ఇంట్లోనే.

పొద్దున చాయ్ గిన్నెతో మొదలైతే రోజంతా అంట్లే. అమ్మ వండాలి, నేను తోమాలి. అక్కను వంగనిచ్చేవాళ్లం కాదు. మగవాళ్లిద్దరూ మాత్రం తిన్న కంచంలోనే చేయి కడిగి, దాన్ని అక్కడే వదిలేసి హాయిగా లేచేవారు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. “బావా, జర నీ కంచం నువ్వే కడుక్కోరాదు?”

బావ నోరు తెరవకముందే అమ్మ అందుకుంది. “నోరు మూయ్! అల్లునితోని బోళ్లు తోమిపిస్తమా? గల్లీల ఎవరన్న చూస్తే మన ఇజ్జత్ ఏం గావాలె?”

బావ మీసాల చాటున నవ్వుకుంటూ ఫోన్ తీశాడు. ఆయన లోకమంతా అందులోని రోబోల ఆటే. మేడంత ఎత్తు రోబోను మనమే తయారుచేసుకోవాలి. కాళ్లు, చేతులు, భుజాల మీద ఆయుధాలు, వీపు మీద ట్యాంకులు, అన్నీ మన ఇష్టం. కాకపోతే మొత్తం బరువుకి ఒక హద్దుంటుంది. అప్పటికే నేనూ నా ఫోన్‌లో అది ఆడుతున్నానని బావకు తెలుసు.

“ఈ ఆటల నన్ను ఓడగొట్టు మరదలా,” అన్నాడు. “లాక్‌డౌన్ అయ్యేదాంక ఇంట్ల బోళ్లన్నీ నేనే తోముత.”

“నేను ఓడితే?”

“మళ్ల నా కంచం ఊసెత్తొద్దు. బస్.”

వచ్చే ఐతారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక పోటీ అనుకున్నాం. అమ్మ అదంతా ఉత్త వేళాకోళం అనుకుని ఊరుకుంది.

బావ రోబోకి రెండు చేతులా ఫిరంగులు, రెండు భుజాల మీదా రాకెట్లు. మొదట నేనూ దాన్ని చూసి అలాంటిదే చేసుకున్నాను. ఆ వారమంతా సరదాగా ఆడిన ప్రతిసారీ చిత్తుగా ఓడిపోయాను. ఆయన నన్ను కొట్టడం కన్నా, కొట్టాక ఈల వేయడం ఎక్కువ మంటగా ఉండేది. ఆ మంటతోనే ఆయన ఆట జాగ్రత్తగా చూడడం మొదలుపెట్టాను. బావకు ఓపిక తక్కువ. కోపమొస్తే ఉన్న ఆయుధాలన్నీ ఒకేసారి పేల్చేస్తాడు. అప్పుడు రోబోలో వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా వెళుతుంది. కాసేపు అది పొగలు కక్కుతూ మెల్లగా నడుస్తుంది. ముల్లు గీత దాటితే పూర్తిగా ఆగిపోతుంది. ఎండాకాలం మగ్గం మోటారు కాలిపోయేంత వేడెక్కితే నాన్న చేసేదేమీ ఉండేది కాదు, పక్కన కూర్చుని చల్లారేదాకా చూడడమే. బావ రోబోని నేను బద్దలు కొట్టనక్కర్లేదు. వేడెక్కిస్తే చాలు.

ఫిరంగులు పీకేశాను. కుడిచేతికి మంట చిమ్మే గొట్టం పెట్టాను. దాని దెబ్బకు చిన్న గాటు కూడా పడదు గానీ ఎదుటి యంత్రం వేడెక్కిపోతుంది. ఎడమచేతికి డాలు. మిగిలిన బరువంతా వీపు మీద చల్లబరిచే ట్యాంకులకూ, పరుగెత్తే సన్నకాళ్లకూ పోశాను. చివరగా పసుపు రంగు వేసి, కింద ఎర్ర అంచు దిద్దాను. అచ్చం నాన్న నేసే చీర.

ఐతారం దాన్ని చూసి బావ పడీ పడీ నవ్వాడు. “ఏందిది! చీరె కట్టుకొని, గ్యాస్ పొయ్యి పట్టుకొని యుద్ధానికొచ్చినవా?”

“అవును బావా, పొయ్యే. మాకు అలవాటేనాయె.”

ఆట మొదలైంది. తొలి రాకెట్లకే డాలు ముక్కలైంది. కాసేపటికి ఎడమచేయి కూడా ఊడిపోయింది. నా ప్రాణం గీత సన్నగా దారంలా మిగిలింది. అక్క “అయ్యో” అంది. ఇక జీవితమంతా ఆ కంచాలు ఎత్తడమే అనిపించి భయం వేసింది. అయినా ఆగలేదు. బావ రోబో చుట్టూ తిరుగుతూ దాని వీపు మీద మంట పోస్తూనే ఉన్నాను. ఆ బరువుతో అది నా వైపు తిరిగేలోపే నేను అవతల ఉండేదాన్ని.

“ఒక్కచోట నిలబడరాదూ!” అని విసుక్కున్నాడు బావ. కోపం పట్టలేక అన్నీ ఒకేసారి పేల్చాడు.

ఒక రాకెట్ నా తల పక్కనుంచి పోయింది. బావ రోబో మాత్రం ఉన్నచోటే బిగుసుకుపోయింది. బావ బొటనవేలితో ఫోన్‌ని పొడుస్తూనే ఉన్నాడు.

ఆయన వెనక నుంచి తొంగిచూస్తున్న నాన్న తేల్చేశాడు. “మోటర్ వేడెక్కింది అల్లుడా. ఇగ అది నడువది.”

అది చల్లారేలోపు ఉన్న ఒక్క చేత్తోనే దాన్ని గుద్ది గుద్ది పడేశాను. మేడంత రోబో వెల్లకిలా పడింది. నేను మంచం మీదకెక్కి గంతులేశాను. అంత సంతోషం నాకు పరీక్షలు పాసైనప్పుడు కూడా కలగలేదు.

బావ మాట మీద నిలబడే మనిషే. కాసేపు తల గోక్కుని, చొక్కా చేతులు పైకి మడిచి, అంట్ల గిన్నెల ముందు కూర్చున్నాడు. అమ్మ “వద్దు బిడ్డా, వద్దు” అంటూ అడ్డంపడింది. అక్క అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. చేసేది లేక అమ్మ పరుగున వెళ్లి వీధి తలుపు గడియ పెట్టింది.

నల్లా దగ్గర నుంచి బావ కేకేశాడు. “మరదలా, ఆ ట్యాంకులు ఏడ దొరుకుతయ్? జర చెప్పు.”

“ముందు కుక్కర్ అడుగు తోము!”

అమ్మ చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. తర్వాత వచ్చి నా పక్కన గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. తిన్న వెంటనే అమ్మ అలా కూర్చోవడం నేను అంతకుముందు చూసిందే లేదు. కునుకు తీయడానికి ఒరుగుతున్న నాన్నను, ఆయన వదిలేసిన కంచాన్ని కాసేపు చూసింది. నా చెవి దగ్గరికి వంగింది.

“బిడ్డా, మీ నాయినకు గూడ ఆ ఆట నేర్పరాదు?”