ఏడు గంటల టిక్కు

ఆ అమ్మాయిని క్లబ్బులో అందరూ రూళ్ళకర్ర అనేవారు. చాటున కాదు, ముఖం మీదే. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడెవరో గానీ సరిగ్గా అతికించాడు. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే పని ఆమెది. వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే అద్దం ఫ్రేములోంచి ఊడిపడుతుంది, తక్కువ అరిగితే అసలు దూరదు. పొద్దస్తమానం ఆ వెంట్రుకవాసి కోసం కొట్టుకునే మనిషి బయటికొచ్చి మాత్రం పోనీలెద్దురూ అంటుందా? అనదు. గుమ్మం దగ్గర చెప్పులు వరసగా లేకపోతే తమ్ముణ్ణి నిద్రలేపి మరీ సర్దించేది. “ఇరవై ఆరేళ్ళకే నాకు అత్తగారివయ్యావే తల్లీ” అని వాళ్ళమ్మ తల పట్టుకునేది.

క్లబ్బు పెట్టాలన్న ఆలోచన ఆమెకి సరదాకి పుట్టలేదు. రెండేళ్ళ కిందట వాళ్ళ మేడలోనే, రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే కుట్టుపనావిడ చనిపోతే మూడు రోజులదాకా ఎవరికీ తెలియలేదు. ఆ మూడు రోజుల్లో తను ఆ తలుపు ముందునించి పన్నెండుసార్లు ఎక్కింది, దిగింది. ఎన్నిసార్లో వేళ్ళు మడిచి లెక్కేసుకుని మరీ ఏడ్చింది. ఏడ్చి ఊరుకుంటే రూళ్ళకర్ర ఎందుకవుతుంది? దుకాణం పక్కనున్న జిరాక్సు అబ్బాయినీ, బస్సులో రోజూ కలిసే నర్సుపిల్లనీ, ఇంకో ఇద్దర్నీ పట్టుకుని కూర్చోబెట్టింది. ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళు ఎవరైనా చేరొచ్చు. చెయ్యాల్సింది ఒకటే పని. చుట్టుపక్కల వీధుల్లో ఒంటరిగా ఉండేవాళ్ళకి రోజూ పొద్దున ఏడింటికి ఫోన్ చెయ్యాలి. మాట్లాడితే కాగితం మీద వాళ్ళ పేరుకి ఎదురుగా టిక్కు. ఎత్తకపోతే పది నిమిషాలాగి మళ్ళీ చెయ్యాలి. అప్పుడూ ఎత్తకపోతే ఉన్నపళంగా ఆ ఇంటికి పరిగెత్తాలి. 

“ఇంతేనా? దీనికో క్లబ్బా?” అన్నాడు జిరాక్సు అబ్బాయి.

“ఇంతే. కానీ రోజూ” అంది ఆమె.

రెండేళ్ళలో అయిదుగురు పదమూడు మంది అయ్యారు. కాగితం మీద పది పేర్లు. వంతులవారీగా ఒక్కో రోజు ఒక్కొక్కరు చేసేవారు. ఆదివారం వంతు ఆమెది. ఆ పది పేర్లలో ఆఖరిది డ్రిల్లు మాస్టారిది.

ఈ మాస్టారు ముప్పై అయిదేళ్ళు బడిపిల్లల చేత పరుగులు తీయించి రిటైరైన మనిషి. పెళ్ళీ పెటాకులూ లేవు. ఉన్న ఒక్క చెల్లెలూ ఊరికి అటు చివర ఉంటుంది, ఆవిడ చాలా పోరితే ఈ ఫోన్లకి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న పాపానికి రోజూ ఎవరో ఒకరికి తలంటు పోసేవాడు. “పోయానో లేదో చూట్టానికి చేశావా? పోలేదు. పెట్టుకో నీ టిక్కు!” అని మొదలెడితే, గొంతులో దమ్ము లేదనీ, ఈ కాలం పిల్లలకి వెన్నెముక లేదనీ, రెండు మాటలు మాట్లాడితే ఆయాసమనీ ఆపకుండా దులిపేసేవాడు. మిగతావాళ్ళు ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. రూళ్ళకర్రకి అది చేతకాదు. తనని ఎవరైనా ఒక్క మాటంటే ఆ రోజంతా అన్నం సహించదు. అదీ ఆమె తంటా.

ఆ ఆదివారం పొద్దున ఆమెకి అసలే కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. క్లబ్బులో చేరడానికి ఒకేసారి పదకొండు మంది వస్తున్నారు. వాళ్ళ ముందు నిలబడి మాట్లాడాలి. ఏడింటికి తొమ్మిది మందికి ఫోన్ చేసింది, తొమ్మిది టిక్కులు పెట్టింది. పదో పేరు దగ్గర వేలు ఆగింది. ఇప్పుడు ఈయన చేత తిట్లు తిని ఆ మొహంతో మీటింగుకి ఏం వెళతాం, స్నానం చేసొచ్చి నింపాదిగా చేద్దాంలే అనుకుంది. అనుకుంటూ, చేతిలో పెన్ను ఉంది కదా, టిక్కు పెట్టేసింది. ఎలాగూ చేస్తాను కదా అన్న ధీమా. స్నానం చేసింది, ఇస్త్రీ చొక్కా వేసుకుంది, కాగితం మడిచి సంచీలో పెట్టుకుని బస్సెక్కింది. ఫోన్ సంగతి మర్చేపోయింది.

మీటింగు టైర్ల దుకాణం పైన హాల్లో. ఎప్పట్లాగే కాగితాన్ని గోడకి అంటించింది. కొత్తవాళ్ళు పదకొండు మందీ కుర్చీల్లో బుద్ధిగా కూర్చున్నారు. ముందు వరసలో ఒక ప్లంబరు, ఇరవై రెండేళ్ళుంటాయి, చెప్పిన ప్రతిదానికీ ఒక ప్రశ్న వేసే రకం.

“రింగు వెళ్ళింది కదా అని టిక్కు పెట్టకూడదు. గొంతు వినాలి. విన్నాకే పెన్ను ముట్టుకోవాలి” అని చెబుతోంది ఆమె.

“వినకుండా పెట్టేస్తే మేడం?” అన్నాడు ప్లంబరు.

“అలా పెట్టినవాళ్ళు క్లబ్బులో ఉండరు.”

అంటూ చేత్తో గోడ మీది కాగితాన్ని చూపించింది. చూపించిన వేలు పదో పేరు మీదకి వెళ్ళి ఆగింది. చెయ్యని ఫోన్ గుర్తొచ్చింది. గడియారం చూసింది. పదికి ఇరవై నిమిషాలుంది.

అప్పుడే మీటింగు ఆపి వెళ్ళిపోవచ్చు. ఎవరు కాదన్నారు? కానీ ఎందుకెళుతున్నావంటే ఏం చెప్పాలి? గోడ మీద టిక్కు అందరికీ కనబడుతోంది. ఇప్పుడే, ఈ నోటితోనే, అలాంటివాళ్ళు క్లబ్బులో ఉండరని చెప్పింది. ఆయనకేమయ్యుంటుంది, గుండ్రాయిలా ఉంటాడు, ఇరవై నిమిషాల్లో టీ ఇస్తారు, అప్పుడు చేస్తాను అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆ ఇరవై నిమిషాలూ ఏం మాట్లాడిందో ఆమెకి ఇప్పటికీ గుర్తు లేదు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

పదింటికి అందరూ టీ కప్పులు పట్టుకున్నారో లేదో మెట్ల మీదకొచ్చి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. పది నిమిషాలు ఆగాలన్న రూలు కూడా పక్కన పెట్టి మూడోసారి చేసింది. తిట్టు మాస్టారూ, ఒక్కసారి ఎత్తి తిట్టు అని లోపల మొక్కుకుంటోంది. ఎవరూ ఎత్తలేదు.

“ఎక్కడికి మేడం?” వెనకనించి ప్లంబరు.

“మాస్టారింటికి. ఊరికే, చూసొస్తాను.”

“నా బండి కిందే ఉంది, పదండి.” దారిలో అడిగాడు, “పొద్దున మాట్లాడారు కదా, మరి కంగారెందుకు?”

“ఎందుకో అలా అనిపించింది” అంది ఆమె. బండి చప్పుడులో ఆ అబద్ధం సాఫీగా వెళ్ళిపోయింది.

తలుపు కొడితే పలకలేదు. ప్లంబరు వెనకవైపు పైపు పట్టుకుని ఎక్కి, స్నానాలగది కిటికీ తీసి లోపలికి దూరి గొళ్ళెం తీశాడు. మాస్టారు ముందుగదిలో కుర్చీ పక్కన నేల మీద ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మూతి ఒక పక్కకి పోయింది. కుడి చెయ్యి తనది కానట్టు పడి ఉంది. ఏదో అనబోతే ఊపిరి తప్ప మాట రాలేదు. ఫోన్ బల్ల మీద ఉంది, ఆయనకి అందనంత దూరంలో.

“బతికే ఉన్నారు! మేడం, బతికే ఉన్నారు!” అని ప్లంబరు అరిచాడు. ఆమె అంబులెన్సుకి ఫోన్ చేసింది.

ఆసుపత్రికి చేరి స్కాన్ అయ్యేసరికి పదకొండూ అయిదు. క్లబ్బులో కబురు తెలిసి ఆరేడుగురు వచ్చేశారు, వాళ్ళలో కొత్తవాళ్ళు నలుగురు. మాస్టారి చెల్లెలు టాక్సీలో వచ్చి, రెండు కాళ్ళకీ వేర్వేరు చెప్పులతో నిలబడి ఉంది. డాక్టరమ్మ చిన్నవయసుదే, విసవిసా బయటికొచ్చింది.

“మెదడులో రక్తం గడ్డ కట్టింది. కరిగించడానికి ఇంజెక్షనుంది. కానీ మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దాటాక ఇస్తే మెదడులో రక్తస్రావమై ప్రాణం మీదకొస్తుంది. ఇది ఎప్పుడు మొదలైందో స్కాన్‌లో తెలీదు. ఆయన చివరిసారి మామూలుగా మాట్లాడింది ఎప్పుడు?”

“ఏడింటికండీ!” అన్నాడు ప్లంబరు ఛాతీ ముందుకు పెట్టి. “ఈవిడే మాట్లాడారు. మా దగ్గర రాసి కూడా ఉంది.”

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. “ఏడంటే, పదకొండున్నర దాకా టైముంది. ఇంకా ఇరవై అయిదు నిమిషాలు. సిస్టర్, మందు కలపండి. అమ్మా, మీరు సంతకం పెట్టాలి.”

చెల్లెలు పెన్ను అందుకుంది. అందుకుని, రెండో చేత్తో రూళ్ళకర్ర చెయ్యి గట్టిగా పట్టుకుంది. “నువ్వేనా తల్లీ మాట్లాడింది? బాగానే మాట్లాడాడా?”

నిజంగా ఏడింటికి ఆయన బాగానే ఉండి ఉంటే? ఏ తొమ్మిదింటికో పడి ఉంటే? అప్పుడు తను నోరు విప్పితే దక్కాల్సిన మందు దక్కకుండా పోతుంది. రాత్రే పడి ఉంటే? అప్పుడు తను నోరు మూసుకుంటే ఆ మందే ఆయన్ని చంపేస్తుంది. రెండిట్లో ఏదో ఈ భూమ్మీద ఒక్క మనిషికైనా తెలిసి ఉండాలంటే అది తనకే తెలిసి ఉండాలి. ఫోన్ ఎత్తినా తెలిసేది, ఎత్తకపోయినా తెలిసేది. రెండేళ్ళుగా క్లబ్బు పెట్టి నడుపుతున్నదంతా ఇందుకే కదా! కాగితం మీద కలం ఆనింది. చెల్లెలు మొదటి అక్షరం రాసింది.

“ఆగండి” అంది ఆమె. “నేను ఫోన్ చెయ్యలేదు.”

“ఏంటి?” అంది డాక్టరమ్మ.

“ఏడింటికి నేను మాట్లాడలేదు. చెయ్యకుండానే టిక్కు పెట్టాను. తర్వాత చేద్దామనుకుని మర్చిపోయాను. ఆయన మాట నేను వినలేదు.”

“మరి చివరిసారి ఎవరు విన్నారు? త్వరగా!”

చెల్లెలు నంబరిస్తే ప్లంబరు మాస్టారి కింది వాటా ఆయనకి ఫోన్ కలిపాడు. రాత్రి ఎనిమిదింటికి మెట్ల మీద కనబడ్డాడట, బాగానే ఉన్నాడట. ఆ తర్వాత తెలియదట. పాలవాడు ప్యాకెట్టు తలుపుకి తగిలించి వెళ్ళాడు. పక్కవాటాలో తాళం. ఒక్కరంటే ఒక్కరు ఆయన గొంతు విన్నవాళ్ళు లేరు.

డాక్టరమ్మ కాగితం వెనక్కి తీసుకుంది. “ఎనిమిది నించి లెక్కేస్తే పదిహేను గంటలు. ఇవ్వలేను. వేరే మందులతో చూస్తాం” అని, లోపలికి వెళ్ళబోతూ రూళ్ళకర్ర వంక చూసింది. “ఇప్పుడైనా చెప్పావు” అంది. అది మెచ్చుకోలో చీవాటో ఆమెకి అర్థం కాలేదు.

పదకొండున్నర అయ్యేదాకా ఆ వరండాలో అందరూ గోడ గడియారాన్నే చూస్తూ నిలబడ్డారు. అయ్యాక కొత్తగా చేరదామని వచ్చిన నలుగురూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. ప్లంబరు మాత్రం ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది.

“బండి మీద అడిగాను మిమ్మల్ని. అప్పుడు చెప్పుంటే పోయేదేంటి? డాక్టరుకి నా నోటితో చెప్పించారు ఆ అబద్ధం. సూది పొడిచేసుంటే? నేను జన్మలో నిద్రపోయేవాణ్ణా?”

“తప్పు నాదే” అంది ఆమె.

“మీదేనని నాకూ తెలుసు” అని అతను వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

క్లబ్బు సంగతంటారా, ఇప్పటికీ నడుస్తోంది. ఆమె మాత్రం అందులో లేదు. మర్నాడే తన పేరు తనే కొట్టేసుకుంది. జిరాక్సు అబ్బాయీ, నర్సుపిల్లా బతిమాలినా వినలేదు, రూలు రూలే అంది. ప్లంబరు మరి రాడనుకున్నారు, కానీ చేరాడు. ఆదివారాలు ఇప్పుడు అతనివి. ఆ పదకొండు మందిలో చివరికి మిగిలింది ముగ్గురు. ఆమె ఇప్పటికీ అద్దాలు అరగదీస్తూనే ఉంది, తమ్ముడు చెప్పులు ఎక్కడ విడిచినా ఏమీ అనడం మానేసిందని వాళ్ళమ్మ బెంగపెట్టుకుంది.

కానీ ఆ రోజు సాయంత్రం జరిగింది ఒకటుంది, అది చెప్పాలి. అందరూ వెళ్ళిపోయినా ఆమె వరండాలో బల్ల మీద అలాగే కూర్చుని ఉంది. పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు. అయిదున్నరకి మాస్టారి చెల్లెలు బయటికొచ్చి ఆమె పక్కనే కూర్చుంది. కొట్టినా బావుండునని ఆమె అనుకుంది. 

“గండం గడిచిందన్నారు” అంది ఆవిడ, ఎదురుగా గోడని చూస్తూ. “కుడి చెయ్యి రావచ్చట, కొన్నాళ్ళకి. మాట మాత్రం చెప్పలేమన్నారు. ఆశ పెట్టుకోవద్దన్నారు.”

ఆమె తల వంచుకుంది. కన్నీళ్ళు చొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు.

“ఒక్కటి చెప్పు తల్లీ. తొమ్మిది మందికి చేశావట. మా అన్నయ్యకెందుకు చెయ్యలేదు? తీరిక లేకనా?”

అవునంటే సరిపోయేది. ఆవిడే అందించింది ఆ మాట. కానీ ఆ రోజు చెప్పిన అబద్ధాలు చాలనిపించింది ఆమెకి.

“తిడతారనండీ” అంది.

ఆవిడ మోకాళ్ళ మీద చేతులానించి మెల్లిగా లేచింది.

“ఇక తిట్టడులేమ్మా” అని లోపలికి వెళ్ళిపోయింది.