సంత వ్యాసంలో ఒక వాక్యం

మొన్న మా మనవరాలు బడికి రాసుకున్న వ్యాసమొకటి నాకు చదివి వినిపించింది. ఊరి సంత గురించట. సంత మొహం ఎన్నడూ చూడని పిల్ల రాసిన ఆ రెండు పేజీల్లో వంకాయలు నవనవలాడాయి, జనం కళకళలాడారు, చివరికి అందరూ ఆనందంగా ఇళ్ళకు వెళ్ళిపోయారు. బాగుందా తాతా అని అడిగితే బాగుందనే అన్నాను. కాదనడానికి నాకు మొహం చెల్లలేదు, ఎందుకంటే అచ్చం అలాంటి సంతనే ఒకప్పుడు రాయగడలో నేనూ రాశాను, రాసి ఊరుకోక నలభైమంది పిల్లల చేత బట్టీ కూడా పట్టించాను.

మాది కొట్లవాళ్ళ ఇల్లు, నాకు అక్షరాలకన్నా ముందు బేరం వచ్చింది. పందొమ్మిదివందల యాభైల చివర్లో అక్కడి బడిలో తెలుగు వ్యాసరచన చెప్పడానికి తాత్కాలికపు పంతులుగా కుదిరితే మా నాన్న పకపకా నవ్వి, "ఏటిరా, మాటలమ్ముతావా? గిట్టదు గాని, కొట్లోకొచ్చి కూకో" అన్నాడు. ఆ పంతంతోనే కాబోలు, కొట్టు విద్యనంతా తరగతిలోకి పట్టుకుపోయాను. చింతపండు గంప కొనేవాడు పైపొర చూసి తల ఊపడనీ, అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తాడనీ, చదివే వాక్యాన్ని కూడా అలాగే చూడాలనీ చెప్పేవాణ్ణి. ఇది ఎవరు చూశారు, ఎక్కడ నిలబడి చూశారు, చెప్పకుండా దాటేసిందేమిటి అని అడగమనేవాణ్ణి. పిల్లలకి ఇది ఆటైపోయింది. పాఠంలో ఒక రాజుగారి ఏలుబడిలో ఏ ఇంట్లోనూ ఏడుపు వినబడలేదని ఉంటే, అయితే అన్నేళ్ళూ ఆ ఊళ్ళో పిల్లలే పుట్టలేదా అని రాశాడొకడు. ఇంటికి పోయి మా అమ్మకు చెప్పుకొని నవ్వుకున్నాను.

అంతలో తనిఖీ అధికారి వస్తున్నాడన్నారు. ఆయన మెచ్చితే నా ఉద్యోగం ఖాయం, లేకపోతే కొట్లో మా నాన్న పక్కన గద్దె. పెద్ద మేష్టారు ఈ పిచ్చి ప్రశ్నలు కట్టిపెట్టి చక్కటి వ్యాసమొకటి వల్లె వేయించమంటే, మారు మాటాడకుండా సంత గురించి రాసి ఇచ్చాను. కాశీపూర్ వైపు కొండవాళ్ళు పాటలు పాడుకుంటూ దిగివచ్చి, తెచ్చిన అల్లం, పసుపు తమకు నచ్చిన ధరకు అమ్ముకుని మురిసిపోతారని అందులో ఒక వాక్యం.

తరగతిలో గుణుపూర్ వైపు నుంచి వచ్చి మా ఊరి పక్కనే స్థిరపడ్డ రైతుల ఇంటి పిల్ల ఒకతె ఉండేది. సంతరోజున తెల్లారకుండానే నాయనమ్మతో కూరల తట్ట మోసుకొచ్చి, అమ్మకం అయ్యాక బడికి వచ్చేది. ఆ వాక్యం కింద గీత గీసి, కొట్లవాళ్ళ మనుషులు ఊరి బయటే దారికి అడ్డంగా నిలబడతారనీ, ముందుగా బుట్ట మీద చెయ్యి వేసినవాడిదే సరుకనీ, వాడు విదిల్చిందే ధరనీ, కొండవాళ్ళు చాలామంది సంతదాకా రానే రారనీ రాసింది. ఆ కట్టుబాటు మా వాళ్ళదే, మీసాలు రాని వయసులో ఆ దారిలో నిలబడి బుట్టల మీద చేతులు వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

తనిఖీనాడు పొద్దున్నే ఆ పిల్లను పక్కకు పిలిచి బేరం పెట్టాను.

"అమ్మీ, ఈ ఒక్కరోజూ ఉన్నదున్నట్టు అప్పజెప్పీ. రెండు కొత్త పుస్తకాలు ఇస్తాను."

"పుస్తకాలొద్దండి మేస్టారూ. ఆ ఒక్క ముక్కా కొట్టీండి, మిగతాదంతా సెప్పెత్తాను."

"నలభైమందికి వచ్చీసింది కదే, ఇప్పుడెలా కొట్టడం?"

"మరి మీరే కదండీ అడుగుదాకా సెయ్యెట్టి సూడమన్నారు?"

వెళ్ళి తన చోట కూర్చుంది. అధికారి వేలు సరిగ్గా ఆమె మీదికే పోయింది. గడగడా చెప్పుకొచ్చి, ఆ వాక్యం దగ్గర ఠక్కున ఆగి నావైపు చూసింది. కోపంగా కాదు, ఆఖరి ధర చెప్పేసి ఎదురుచూసేవాళ్ళు చూస్తారే, అలాగ. మిగతా ముక్క అందివ్వడానికి తక్కిన పిల్లలంతా నోళ్ళు తెరిచే ఉన్నారు. నేను లేచి, తర్వాతి వాక్యం అబద్ధమండీ, నేనే రాశాను, ఆ దారిలో నేనూ నిలబడ్డవాణ్ణే అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. అధికారి నన్ను ఎగాదిగా చూసి, పాఠం పూర్తిగా అప్పజెప్పలేదని తన పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు. మరో ఏడాది తాత్కాలికంగానే ఉండిపోయాను. మర్నాడు ఆ పిల్ల నవ్వుతూ వచ్చి, "ఇంకో తప్పు కూడా ఉందండి, సూపించమంటారా?" అంది.

ఇప్పుడా దారిలో ఎవరూ అడ్డం నిలబడరు, లారీలే కొండెక్కి సరుకు దింపుకుపోతున్నాయి. నా ఉద్యోగమూ తర్వాత ఖాయమైంది, జుట్టు నెరిసింది, పేరొచ్చింది. నేనేం చెప్పినా పిల్లలు తలలు వంచుకుని రాసుకునేవారు. కావాలనే ఒక తప్పు మాట పాఠంలో విసిరి, ఎవరైనా ఆపుతారేమోనని ప్రతి ఏడూ ఎదురుచూసేవాణ్ణి. నాలుగువైపులా కలాల చప్పుడే గాని, ఒక్క చెయ్యీ లేచేది కాదు.