ఇరవై ఆరు దగ్గర ఆగిన గొంతు

రిటైరవడానికి ముందు ఏడాది నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, పాడైన పరికరాల నుంచి ఫైళ్లు బయటికి తీసే చిన్న సంస్థలో సీనియర్ ఇంజనీరుగా ఉన్నాను. ఎల్‌బీ నగర్ నుంచి శాంతమ్మగారు చెడిపోయిన పాత వాయిస్ రికార్డరు ఒకటి పట్టుకొచ్చారు. ఆమె భర్త చర్చి పాటలు నేర్చుకోవడానికి వాడినది. దవాఖానలో ఆయన పోయిన రోజు అది దిండు పక్కన ఆన్‌లోనే ఉండిపోయిందట.

“నేను చాయ్‌కి కిందికి పోయిన సార్. ఒచ్చేసరికి ఒక్కడే పోయిండు. ఆఖరికి ఏమన్నడో జర ఇనిపియ్యుండ్రి,” అన్నారామె.

లోపలి గదిలో లైనక్స్ యంత్రం మీద ఫైలు తీశాం. కౌంటర్లో ఉన్నది విండోస్. అక్కడ మా సొంత ప్రోగ్రాంతో వినిపిస్తే సన్నటి గొంతు: “శాంతా... యాడికి పో...” అంతే. మళ్లీ పెట్టాం. మళ్లీ ఆ మాట మధ్యలోనే ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయింది.

“ఆడ్నే పానం పోయింది,” అన్నారు శాంతమ్మగారు.

గుంటూరు నుంచి వచ్చిన మా జూనియర్ శ్రీనివాసు, “ఆపేద్దామండీ బాబూ, ఒళ్లు జలదరిస్తోంది,” అన్నాడు. నాకూ జలదరించింది. ఒప్పుకోవడానికి రోషం అడ్డొచ్చి, దయ్యాల సంగతి తర్వాత, ముందు ఎంత చదివిందో చూడవయ్యా అని కసిరాను.

చూస్తే ఫైల్లో సగం కూడా చదవలేదు. మా ప్రోగ్రాం లైనక్స్ మీద రాసింది, ఫైలును టెక్స్ట్‌గా, అంటే అక్షరాలు అనుకుని, తెరుస్తుంది. లైనక్స్‌లో అలా తెరిచినా బైనరీగా, అంటే ఉన్న బైట్లు ఉన్నట్టుగా, తెరిచినా తేడా ఉండదు. విండోస్‌లో టెక్స్ట్‌గా తెరిస్తే మాత్రం, ఇరవై ఆరు విలువ ఉన్న బైటు తగలగానే ఫైలు అయిపోయిందనుకుని చదవడం మానేస్తుంది. ఈ రకం రికార్డింగులో సన్నటి గొంతుకు ఆ విలువ రాదు. పక్కనే పెద్ద చప్పుడైతేనే వస్తుంది. ఆయన మంచం పక్కన మరి ఏం చప్పుడైంది?

బైనరీగా మార్చి పెట్టాను. “యాడికి పోయినవ్” అనే మాట మీదే ఠంగుమని ఇనుప బల్ల మీద గ్లాసు పెట్టిన చప్పుడు. వెంటనే, నా ఎదుట పెదవి కదపకుండా కూర్చున్న ఆమె గొంతే స్పీకర్లోంచి వచ్చింది: “ఇగో చాయ్. జర లేవుండ్రి.”

శాంతమ్మగారు కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నారు. “నేనే సార్ అది.”

ఆ తర్వాత, దిండు పక్కనున్న రికార్డరుకు మాత్రమే అందేంత సన్నగా, ఆయన గొంతు: “ఒచ్చినవా.”

ఆ పైన అంతా ఆమె ఆనాటి ఏడుపే.

“ఒక్కడే పోలే,” అన్నారామె. “నాకు ఇనపళ్లే, గంతే.”

అక్షరాలు కాని ఏ ఫైలునైనా బైనరీగానే తెరవమని ఆ తర్వాత కొత్తవాళ్లందరికీ చెప్పాను. ఫైలు అయిపోయిందని యంత్రం అంటే ఇప్పటికీ నమ్మను. సైజు చూస్తాను.