తీగకు లేని ప్రూఫు

ఎనభైల మొదట్లో రాజమండ్రిలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరాను. బీఏలో తెలుగుకి ఫస్టు మార్కులు తెచ్చుకున్నానన్న పొగరు బాగా ఉండేది. దాన్ని మూడు రోజుల్లో దించేశారు మా సీనియరు. నేను దిద్దిన వార్తను మళ్లీ సగానికి కోసి, "ఇప్పుడు చదువమ్మా, ఏమైనా తగ్గిందా?" అనేవారు. ఏమీ తగ్గేది కాదు. నాకొచ్చిన పనంతా ఆయన పెట్టిన భిక్షే. అందుకే ఆయన్ని గుడ్డిగా నమ్మాను.

ఆరు నెలలయ్యాక ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఇంకో వారం ఉందనగా పాలకొల్లు నుంచి ఒక వ్యాపారి మరణవార్త వచ్చింది. పోయింది అన్నగారు. ప్రూఫులో తమ్ముడు పోయినట్టు పడింది. పేరు మార్చి, కింద సంతకం పెట్టి సీనియరు గారి చేతికిచ్చాను. దిద్దిన ప్రూఫులన్నీ పని అయ్యాక గోడ దగ్గర తీగకు గుచ్చేవారు, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి.

"కంపోజింగుకి నేనిస్తాలే. నీ బస్సు టైమయింది, వెళ్లమ్మా," అన్నారాయన.

మర్నాడు మధ్యాహ్నం ఆ తమ్ముడి బావమరిది పేపరు పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"మా అమ్మ గుండెలు బాదుకుంటా వెళ్లిందండి! అక్క నుదుట బొట్టు చూసేదాకా ఆవిడకి ఊపిరాడలేదు. ఏంటండీ ఈ రాతలు?"

ఎడిటరు గారు నావైపు చూశారు. "నేను దిద్దానండి, తీగకుంటుంది," అని ధైర్యంగా వెళ్లి వెతికాను. ముందు రోజువి అన్నీ ఉన్నాయి, అదొక్కటి తప్ప. సీనియరు గారు చెబుతారులే అని ఆయన కేసి తిరిగాను.

ఆయన తలెత్తలేదు. "కొత్తమ్మాయి కదండీ. ప్రూఫు చూడకుండానే బస్సుకి వెళ్లిపోయింది," అన్నారు.

తీగకున్న కాగితాలు మళ్లీ మొదటి నుంచీ తిరగేశాను. సాయంత్రానికి ఉద్యోగం లేదు.

నేను దిగిపోతుంటే మెట్ల మీద ఆయన ఎదురయ్యారు. "జేబులో పెట్టుకుని మర్చిపోయానమ్మా. నాకింకా రెండేళ్లే సర్వీసు. నీకు వయసుంది, ఎక్కడైనా దొరుకుతుంది. ఏమీ అనుకోకు."

"పర్లేదండి," అన్నాను.

ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "చల్లగా ఉండు తల్లీ," అని నా తల నిమిరారు. ఆ చెయ్యి విదిలించి కొట్టలేకపోయానే అని నా మీద నాకే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.