సందుల అంచు పడవ

2011 సెప్టెంబరులో నేను జనగామలో స్టాఫ్ రిపోర్టరుగా పనిచేస్తున్నాను. మండలాల్లో ఉండే కంట్రిబ్యూటర్లు రాసిన వార్తలు చూసి, తప్పులు దిద్ది, వరంగల్‌లోని ఎడిషన్ డెస్కుకు పంపడం ఆ ఉద్యోగంలో సగం పని. పెద్ద సంఘటన అయితే నేనే వెళ్లి రాయడం మిగతా సగం. ఆ నెలలో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటలేదు. బడులకు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. భూపాలపల్లి బొగ్గు గనుల్లో పని ఆగింది. మేము పంపే వార్తలన్నీ ఒక్కలాగే ఉండేవి: ఇక్కడ రాస్తారోకో, అక్కడ ధర్నా, ఇంకోచోట రోడ్డు మీద వంటావార్పు. ఊరి పేరు తప్ప ఏమీ మారేది కాదు. డెస్కు వాటిని ‘రౌండప్’ చేసేది. అంటే ఊరికి మూడు నాలుగు లైన్ల చొప్పున కుదించి, అన్నిటినీ ఒకే శీర్షిక కింద పేర్చేది.

నర్మెట్టలో వంటావార్పు జరుగుతుంటే వెళ్లాను. రోడ్డు మధ్య పొయ్యిలు తవ్వి, గంగాళాల్లో అన్నం వండి, వచ్చిన అందరికీ పెట్టడం ఆ నిరసన పద్ధతి. భోజనాలు అయిపోయాక కూడా ఒక పొయ్యి మండుతూనే ఉంది. దాని మీద గంగాళంలో ఉత్త నీళ్లు మరుగుతున్నాయి. వంటవాళ్లు గిన్నెలు కడుక్కొని పోదామంటే, ఒక మనిషి పోనివ్వడం లేదు.

“గంగాళం ఇయ్యే యాకూబ్ అన్నా, ఇంటికి పోవాలె,” అంటున్నాడు వంటాయన. “నీ కర్రకు బువ్వ వండుడు మాకు రాదు.”

“జర ఆగు. నీ బువ్వ ఒక్కపూట. నా కర్ర ఇరవై ఏండ్లు.”

యాకూబ్ వడ్రంగి. భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు కింద గనులకు కర్ర పని చేసేవాడు. సమ్మెతో పని ఆగి సొంతూరు నర్మెట్ట వచ్చాడు. ఊరికే కూర్చోలేక ఒక పడవ ఒప్పుకున్నాడు. రోడ్డు పక్కనే రేకుల షెడ్డులో అది ఉంది. పన్నెండు అడుగుల చిన్న పడవ, ఇద్దరు కూర్చుని వల వేసుకోవడానికి సరిపోయేది. పలకలన్నీ బిగించడం అయిపోయింది. అంచు మాత్రం మిగిలింది.

పడవకు అంచు ఎందుకో అప్పటిదాకా నాకు తెలియదు. పక్క పలకలు పల్చగా ఉంటాయి. పైన ఏ ఆధారమూ లేకపోతే బరువు పడగానే బయటికి విచ్చుకుంటాయి. అందుకని పై పలక పొడుగునా మందమైన కర్ర ఒకటి వేసి మేకులు కొడతారు. మా ప్రాంతంలో చూసిన పడవలన్నిటికీ అదే పద్ధతి. యాకూబ్ అలా చేయలేదు. మహబూబాబాద్ నుంచి తెచ్చిన టేకును రెండు సన్నటి బద్దలుగా కోసి, ఒకటి పలకకు బయట, ఒకటి లోపల వేస్తున్నాడు. లోపలి బద్ద పలకకు ఆనదు. రెండిటి మధ్య జానెడు దూరానికొక చిన్న కర్ర దిమ్మె పెడతాడు. దిమ్మెకు, దిమ్మెకు మధ్య నాలుగు వేళ్లు దూరేంత సందు ఉంటుంది. పైనుంచి చూస్తే పడవ చుట్టూ నిచ్చెన పడుకోబెట్టినట్టు కనిపిస్తుంది.

ఈ పనిలో కష్టమంతా బద్దను వంచడంలో ఉంది. ముందురోజే దాన్ని నీళ్లలో నానబెట్టాడు. ఇప్పుడు తడి గోనెసంచులు చుట్టి, వంటావార్పు గంగాళంలోని మసిలే నీళ్లు చెంబుతో పోస్తూ పోయాడు. “పక్కకు జరుగుండ్రి సార్, ఇప్పుడు వంగకపోతే ఇగ వంగది,” అని నన్ను నెట్టేసి, బద్ద నడుమ భాగాన్ని ముందు తాడుతో కట్టి, అక్కడినుంచి రెండు కొసల వైపు బిగిస్తూ వచ్చాడు. తాడు ఇంకా బిగిసేలా దాని కింద కర్ర చీలలు కొట్టాడు. కొసనుంచి మొదలుపెడితే నడుమ ఉబ్బి విరుగుతుందట. చల్లారాక విప్పి, నీళ్లు దిగకుండా దిమ్మెల వెనక గుగ్గిలం జిగురు పూసి, మళ్లీ బిగించి, ఒక్కో దిమ్మె గుండా మేకు దిగగొడతాడు. తెడ్డు ఆనించే చోట పొడుగు దిమ్మె. ముక్కు దగ్గర సందే ఉండదు, అక్కడ గట్టి కర్ర.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. గనికి సెలవు ఉన్నప్పుడల్లా గోదావరి రేవుకు పోయి పడవలు బాగుచేసేవాడట. ఒకసారి సర్వేకు వచ్చినవాళ్ల చిన్న పడవకు ఇలాంటి అంచు చూశాడు. “ఒక్కపారి చూసిన సార్, చాలదా? జనగామ నుంచి గోదారి దాకా గిసొంటి అంచు ఏసేటోడు ఇంకొకడు ఉంటె, నా ఉలి వానికిచ్చి పోత,” అన్నాడు. వంటాయన వెనకనుంచి, “ఉలి తర్వాత ఇద్దువు, ముందు గంగాళం ఇయ్యి,” అన్నాడు.

పడవ ఎవరికో అడిగితే చిల్పూరు వైపు రిజర్వాయరు దగ్గర సమ్మక్క అనే ఆమెకు అని చెప్పాడు. ఆమె భర్త ఓదెలు మత్స్యకారుల సంఘంలో సభ్యుడు. పక్షవాతంతో అతని కుడిచేయి పడిపోయింది. కొడుకు వలస పోయి భివండిలో మగ్గం మీద పనిచేస్తున్నాడు. ఓదెలు సభ్యత్వాన్ని సమ్మక్క పేరు మీదికి మార్చమని అడిగారు. సంఘం కాదనలేదు. కాని ఊరి కట్టుబాటు ఒకటి ఉంది. ఎవరి పడవను ఆ ఇంటివాళ్లే ప్రతి సాయంత్రం కట్ట మీదికి ఎక్కించాలి. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో తెలియదు. ఒడ్డున కట్టేసిన పడవ ఒకటి వెనకెప్పుడో తూము దాకా లాగుకుపోయి ముక్కలైంది. అప్పటినుంచి ఈ నియమం. బుట్టలా గుండ్రంగా ఉండే పుట్టి అయితే ఒక్క మనిషే నెత్తిన పెట్టుకొని పోవచ్చు. అయితే వెడల్పు నీళ్లలో గాలి వీస్తే పుట్టి గిరగిరా తిరుగుతుంది, పెద్ద వలకు పనికిరాదు. సంఘం పడవలే ఉండాలని నిర్ణయించింది. మామూలు పడవను ఎక్కించడానికి నలుగురు మగవాళ్లు కావాలి. సమ్మక్క ఇంట్లో మోయగలిగినవాళ్లు ఇద్దరే. ఆమె, కోడలు రజిత.

రెండు బద్దల అంచు అందుకే. బరువు తగ్గుతుంది. సందుల్లో వేళ్లు దూర్చి పట్టుకుంటే పట్టు జారదు. ఈ మాట యాకూబ్ నాకు చెప్పాడు. పడవ తీసుకునేవాళ్లకు చెప్పాడా అని అడగాలని అప్పుడు నాకు తట్టలేదు.

కొన్నాళ్లకు చిల్పూరు వైపు కంట్రిబ్యూటర్ నుంచి కబురు వచ్చింది. రిజర్వాయరులో పడవల మీద జెండాలతో నిరసన ఉందని. రౌండప్‌లో కొత్తగా కనిపించే వార్త. నర్మెట్ట మీదుగా పోతుంటే యాకూబ్ తన టీవీఎస్ బండి తీశాడు. నీళ్ల మీద తన పడవను చూసుకోవాలట.

మేము చేరేసరికి మధ్యాహ్నం. పడవలన్నీ కట్ట కింద ఒడ్డున వరుసగా ఉన్నాయి. యువకులు జెండా కర్రలు మోసుకొస్తున్నారు. యాకూబ్ తన పడవ దగ్గరికి పోయి, వంగి చూసి, నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడిపోయాడు. అంచు సందులన్నీ పూడి ఉన్నాయి. గోనె పీచు కుక్కి, గుగ్గిలం, నూనె కాచి పోసి, పైన నున్నగా తారు పూశారు. చాలా శుభ్రమైన పని.

“ఎవడు జేసిండు గిది?”

“నేనే జేసిన,” అంది సమ్మక్క. యాభై దాటిన మనిషి, మాట నెమ్మది. “బాగలేదా?”

సంగతి సంఘం అధ్యక్షుడు రాజమల్లు చెప్పాడు. పడవ దిగిన రోజే కొమురయ్య అనే పెద్దమనిషి, “పడవ దెచ్చినవా, నిచ్చెన దెచ్చినవా సమ్మక్కా?” అని అడిగాడు. వడ్రంగి పని సగంలో వదిలేశాడని అందరూ నవ్వారు. చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి పడవలో సందు కనబడితే పూడ్చడం తప్ప మరో ఆలోచన రాదు. చిన్నప్పటినుంచి ఏటా ఎండాకాలం చేసే పనే అది. సమ్మక్క కూడా పూడ్చింది. ముందురోజు సాయంత్రం అత్తాకోడళ్లు పడవ ఎత్తారు. నున్నటి అంచు మీద చేతులు నిలవలేదు. కట్ట వాలులో మూడో వంతు కూడా ఎక్కకుండానే రజిత చేయి జారి పడవ రాళ్ల మీద పడింది. మిగతావాళ్లు వచ్చి ఎత్తి పెట్టారు. నియమం ప్రకారం అది లెక్కలోకి రాదు.

“ఇయ్యాల పొద్దుగూకె లోపట ఎక్కియ్యకపోతె ఆ సభ్యత్వం ఇంకో ఇంటికి పోతది,” అన్నాడు రాజమల్లు. “నాకు ఇష్టమై కాదు. రేపు ఆ పడవ తూముల పడితె జవాబు నేను జెప్పాలె.”

యాకూబ్ గొంతు పెంచాడు. “సందు కోసమే నేను పరేషాన్ అయిన! వేళ్లు వెట్టి పట్టుకోవాలె అని సందు ఇడిసిన. నీళ్లు వడితె కారిపోవాలె అని ఇడిసిన. దానికి ఊపిరాడకుంట జేసినవు గదనే!”

సమ్మక్క అతను ఆగేదాకా ఆగింది. “గా ముచ్చట పడవ ఇచ్చిననాడు జెప్పాలె గదా యాకూబ్ అన్నా. సందులున్నయని నలుగురు నవ్వబట్టె. ఎందుకున్నయో నాకు తెల్వకపాయె. నేనేం జెయ్యాలె?”

కొమురయ్య బీడీ ఆర్పేసి, “అడిగింది కరెక్టే,” అన్నాడు.  యాకూబ్ బండి డిక్కీలోంచి ఉలి, సుత్తి తీసుకొని పడవ పక్కన కూర్చున్నాడు.

గుగ్గిలం ఎండితే పెళుసుగా ఉంటుంది. ఉలి మొన ఆనించి తట్టగానే పెచ్చులుగా ఊడివచ్చింది. పీచును రజిత మేకుతో లాగేసింది. నిరసనకు ఆలస్యమవుతోందని యువకులు తొందరపెట్టారు. ఒకవైపు సందులు తెరుచుకోగానే, జెండా కర్రను మేకుతో కొట్టబోయిన కుర్రాడొకడు ఆగి, కర్రను సందులో దూర్చి చూశాడు. సరిగ్గా పట్టింది. మిగతా పడవల్లో జెండాలను మనుషులు చేత్తో పట్టుకున్నారు. సమ్మక్క పడవలో మాత్రం జెండా దానంతటదే నిలబడింది. ఆమె తెడ్డు వేసింది. పడవలు నీళ్ల నడిమికి పోయి, నినాదాలు చేసి, తిరిగి వచ్చాయి. యాకూబ్ రెండోవైపు సందులు కూడా తెరిచాడు. నేను రాసుకోవలసింది రాసుకున్నాను. కంట్రిబ్యూటర్ ఫొటోలు తీశాడు. మా పని అక్కడితో అయిపోయినట్టే. అయినా ఇద్దరం కదల్లేదు.

పొద్దు వాలుతుంటే ఒక్కొక్క ఇల్లే తమ పడవను ఎక్కించుకుంటోంది. సమ్మక్క ఎడమవైపు, రజిత కుడివైపు నిలబడ్డారు. వేళ్లు సందుల్లో పెట్టారు. పడవ లేచింది. రాళ్ల మీద అడుగులు చూసుకుంటూ నిన్న పడిన చోటు దాటారు. మూలుగు కూడా వినబడలేదు. సగం వాలులో రజిత, “అత్తా, జర దించుదాం,” అంది. దించారు.

“ఆఁ, దించిండ్రు!” అన్నాడొక సభ్యుడు కిందనుంచి. “దించితె లెక్కల రాదు గదా?”

రాజమల్లు అతని వైపు తిరిగాడు. “ఎక్కియ్యాలె అన్నం. దించొద్దు అన్నమా? నువ్వు నీ పడవ బీడీకోసారి, చుట్టకోసారి దించుతవు. గది నేను చెప్పాల్నా?”

కట్ట మీద నవ్వులు లేచాయి. అత్తాకోడళ్లు అరచేతులు చీరకు తుడుచుకొని మళ్లీ ఎత్తారు. రెండో విడతలో కట్ట మీదికి చేరారు. పడవను పక్కకు వంచగానే అడుగున మిగిలిన నీళ్లు సందుల గుండా బారుగా కారిపోయాయి. కొమురయ్య వచ్చి, ఒక సందులో తన వేళ్లు పెట్టి, పడవ ముక్కును కొద్దిగా లేపి చూసి దింపాడు.  రాజమల్లు, “సమ్మక్కా, రేపటిసంది నీ వల పడమర దిక్కు ఏసుకో,” అన్నాడు. సంఘంలో చోటు ఇచ్చినట్టు దాని అర్థమని కంట్రిబ్యూటర్ నాకు చెప్పాడు.

ఆ రాత్రి నేను రెండు వార్తలు పంపాను. ఒకటి నిరసన, రెండోది పడవ. ఫొటోలు కంట్రిబ్యూటర్ విడిగా మెయిల్ చేశాడు. మర్నాడు నిరసన వార్త రౌండప్‌లో నాలుగు లైన్లు వచ్చింది. స్థలం చాలక పడవ వార్తను డెస్కు తీసేసింది. ఫొటో మాత్రం పెద్దగా వేశారు. అత్తాకోడళ్లు పడవ మోస్తున్న ఫొటో. సందులోంచి తీయడం మరిచిన జెండా అందులో ఎగురుతోంది. కింద వాక్యం: ‘పడవ మోస్తూ నిరసన తెలుపుతున్న మహిళలు.’

డెస్కులో ఉన్న సబ్ఎడిటరును తప్పుపట్టడానికి లేదు. అతని ముందు జెండా ఉంది, పడవ ఉంది, సమ్మె ఉంది. ఆ ఫొటో ఎందుకు తీశారో చెప్పే మాట మాత్రం లేదు. ఆ వారం ఊళ్లో సమ్మక్కను, “నీ పడవ ఉద్యమం ఎట్లున్నదే?” అని ఆటపట్టించారట. “సాయంత్రం సాయంత్రం నడుస్తున్నది,” అని జవాబు చెప్పేదట.

తరువాత యాకూబ్ ఆ రిజర్వాయరుకే ఇంకొన్ని పడవలు కట్టాడు. అన్నీ సందుల అంచువే. అప్పగించేటప్పుడు కొన్నవాళ్ల చేయి పట్టుకొని సందులో పెట్టించి, “గిది గిందుకు,” అని చెప్పి గాని వదిలేవాడు కాడని విన్నాను. నేను రిటైరయ్యేదాకా నా కింద పనిచేసిన కంట్రిబ్యూటర్లందరికీ ఒకే నియమం పెట్టాను: ఏ ఫొటో పంపినా అందులో ఉన్నది ఎవరు, ఏం చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు అన్నది ఫొటోతోపాటే రాసి పంపాలి. చేసినవాడు చెప్పకుండా వదిలిన చోటును చూసినవాడు తనకు తెలిసినదానితో పూడుస్తాడు. ఆ పని ఎంత శ్రద్ధగా చేస్తే, తీయడం అంత కష్టం.